ఏడు

హూడి సర్కిల్ దాటాక, నీళ్ల ట్యాంకర్లు మలుపు తిరిగే చోట
మూడో అంతస్తులో నా కుర్చీ.
రోజుకి నాలుగొందల వాక్యాలు.
ఒక్కోదానిలో ఒక మాట కింద పచ్చగీత.
అర్థం మిషన్ ముందే ఊహించి పెడుతుంది,
ఔననో కాదనో నేను నొక్కాలి.

దానికి మాట తెలియదు, ఇరుగుపొరుగు తెలుసు.
చెప్పు తెగింది అంటే కాలిది,
తెగించి చెప్పు అంటే నోటిది.
పాలు పక్కన గిన్నె ఉంటే తాగేవి,
అన్నదమ్ములుంటే పంచుకునేవి.
వాడు అంటే మనిషా, మందా, పువ్వా
రెండిళ్లు ముందుకీ రెండిళ్లు వెనక్కీ వెళ్లి చూసొస్తుంది.
మా పిన్నీ అంతే, వీధిలో కొత్తగా ఎవరు దిగినా
వాళ్లని తప్ప అందర్నీ అడిగేది.

మంగళవారం ఒక వాక్యం వచ్చింది.
వాక్యమంటే ఒకటే మాట:
ఏడు.
ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు.
మిషన్ లెక్క కట్టింది.
అంకె, నూటికి ఎనభై ఒకటి.
సంవత్సరం, పన్నెండు.
ఏడుపు, ఏడు.
ఏడుకి ఏడే పడ్డాయని నవ్వొచ్చింది.
నవ్వు సగంలో ఆగింది.

మొన్న జూన్‌లో, మా పీజీ మెట్ల మీద, కరెంటు లేని రాత్రి
నీలవేణి ఫోన్ బోర్లించి, తిప్పి, మళ్లీ బోర్లించి
లెటర్ వచ్చిందని, రేపట్నుంచి రావద్దన్నారని
పొడిగా చెప్పింది, పాల లెక్క చెప్పినట్టు.
నాకు ఓదార్చడం చేతకాదు.
పక్కన కూచుని అన్నాను: ఏడు.

చిన్నప్పుడు ఆ మాట ఎన్నిసార్లు తిన్నామో,
ఏడు, ఇంకా ఏడు! అందులో బెత్తం ఉండేది.
ఆ రాత్రి లేదు.
నా భుజం తడిసి, చున్నీ తడిసి
ఎదురింటి ఇన్వర్టర్ కుయ్యిమని ఆగేదాకా.
ఈ రెంటికీ నా తెర మీద గడి ఒక్కటే.

పక్క సీట్లో రేవణ్ణ కన్నడ వాక్యాలు చూస్తాడు.
అడిగితే అన్నాడు, మాకూ ఉంది, ఏళు.
అంకె అదే.
రెండో అర్థం మాత్రం ఏడవమనదు,
లెమ్మంటుంది.

తెలియదు అనే గడి ఒకటుంది, చివర్లో, బూడిదరంగులో.
ఎక్కువ వాడితే జీతంలో కోత.
వాడాను.

అద్దాల మీద వాన మొదలైంది.
రేవణ్ణ సంచి భుజాన వేసుకుని
ఏళు, అన్నాడు.
గడియారం చూశాను.
అవును, ఏడే.
లేచాను.