ఇతరములు

ఆ రంగుకి ధర కట్టింది నేనే,
తైచుంగ్ శివార్లలో, ఫ్యాక్టరీ మూడో అంతస్తులో
ఏసీ నీళ్ళు కారే కిటికీ పక్కన కూర్చుని.
పేరు పైవాళ్ళు పెట్టారు: సంజపొగ.
నాకైతే అది
వాన వెలిశాక నాపరాయి మీద
నేరేడుపండు చిదిమి తుడిచేసినట్టుండేది.
తుడిచాక కూడా కాస్త మిగులుతుంది చూడండి, అది.

నల్ల ఫోను కన్నా మూడు వేల డాలర్లు ఎక్కువ,
మా తైవాన్ డాలర్లే.
మూడు వేలే ఎందుకని మీటింగులో అడిగారు.
కాగితం చూపించాను.

అల్యూమినియం ఇంత. ఆమ్లం ఇంత. కరెంటు ఇంత.
అద్దకం పొడి, గ్రాముల్లో, ఇంత.
వంద మూతలు తొట్లో ముంచితే
నెగ్గినవి యాభై ఎనిమిది.
మిగతావాటిలో కొన్ని బురద,
కొన్ని మూలల దగ్గర మాత్రం సిగ్గుపడ్డట్టు ఎర్రన.
వాటిని క్షారంలో వేసి, రంగు వలిచి, మళ్ళీ ముంచొచ్చు,
ఒక్కసారే.
ఇంకోసారి వలిస్తే లోహం పలచబడి
బొత్తాం కన్నం వదులైపోతుంది.
పోయినవాటి ఖర్చు ఉన్నవాటి నెత్తిన వేశాను.
ఎక్కడైనా లెక్క అంతే కదా.

అట్టడుగున ఒక గడి: ఇతరములు.
అందులో నలభై వేశాను.

ఆ నలభైలో
గావ్ షియోలియెన్ ఉంది.
ఇరవై ఆరేళ్ళుగా తొట్టి అంచున నిలబడ్డ మనిషి.
గంట మోగినా తియ్యనివ్వదు.
ఊఁహూఁ, ఇంకో నాలుగు, అంటుంది.
నాలుగేమిటి, సెకన్లా?
నాలుగు. అంతే.
తుఫాను కబురొచ్చిన రోజుల్లో, ఆరు.
రంగు కొలిచే మిషనొకటి తెప్పించారు.
ఆవిడ చెప్పిందానికి ఔననడం
అది నేర్చుకోడానికి మూడు నెలలు పట్టింది.

ఆ నలభైలోనే
గ్లవ్ చిరిగిన రోజున
లుసోన్ పిల్ల రోవెనా మణికట్టు మీద మిగిలిన మచ్చ.
తెల్లలైటు కింద పొద్దంతా మూతలు చూసి చూసి
బయటికొచ్చి, కూడలిలో,
వెలిగింది ఎరుపో పచ్చో పోల్చుకోలేక
స్కూటరు మీద అలాగే ఉండిపోయిన
షు పోహాన్, వెనక హారన్లు.

అమ్ముడుపోయాయా అంటే, పోయాయి. ఒక నెల.
బాగుపడింది మాత్రం కవర్లమ్మేవాళ్ళు.
మూడు వేల రంగుకి
నూట యాభై రబ్బరు కోటు తొడిగి
కెమెరా చుట్టూ సన్నటి వలయమొకటి వదిలారు.
ఒక రాత్రి నిద్రపట్టక
ఆ వలయం వైశాల్యం కట్టి చూశాను,
చదరపు మిల్లీమీటరుకి ఎంత పడిందో.
చెప్పను.

ఎక్కువన్నారు కొన్నవాళ్ళు.
తక్కువేశావన్నాడు మా డైరెక్టరు.
ఎంత కష్టమో చెప్పుకుని ఉంటే
ఐదు వేలైనా ఇచ్చేవాళ్ళట.
కష్టం ఆ రంగులో ఎక్కడా కనబడదు కదండీ
అందామనుకున్నాను.
తలూపాను.

సిబ్బంది ధరకి ఫోను కావాలని
రోవెనా సంతకానికి వచ్చింది.
పద్దెనిమిది వాయిదాలు. నలుపు గడిలో టిక్కు.
అదేమిటమ్మా, మీకైతే తేడా తొమ్మిది వందలే,
నీ చేతిమీదుగా వచ్చిందే కదా, అన్నాను.
నవ్వలేదు. కోప్పడనూ లేదు.
"కళ్ళు మూస్తే అదే కనబడుతోంది సార్.
మళ్ళీ డబ్బిచ్చి కొనుక్కోవాలా?"

సంతకం పెట్టాను. సిరా నల్లదే.

కాగితాలు ఎగరకుండా నా బల్ల మీద
ఓడిపోయిన మూతొకటి ఉంటుంది, ఎరుపెక్కినది.
సాయంత్రం ఐదున్నరకి ఎండ ఏటవాలుగా దిగి
దాని మీద పడ్డ ఒక్క నిమిషం
అచ్చం ఆ రంగే.
తర్వాత పోతుంది.

మొన్న షియోలియెన్ సెలవు చీటీ పట్టుకొచ్చింది.
మూత చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి,
"నాలుగు ముందు తీశారు" అని
ఉన్నచోటే పెట్టి
మెట్లు దిగిపోయింది.