పదహారు నిమిషాలు

వ్యాసం శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకి ఇవ్వాలి.
ఇవాళ సోమవారం.
అంటే బోలెడంత కాలం.

ముందు టైంటేబుల్ వేశాను.
వ్యాసానికి నీలం, పరీక్ష చదువుకి ఆకుపచ్చ,
తిండికి పసుపు,
నిద్రకి రంగు మిగల్లేదు.
గీతలు వంకరపోయాయని చింపి మళ్ళీ వేశాను.
సోమవారం అలా
ఎంతో శ్రద్ధగా గడిచింది.

మంగళవారం కెటిల్ అడుగున పేరుకున్న సున్నం గీకాను,
మూడేళ్ళుగా ఎవరూ ముట్టుకోని సున్నం.
పక్కగది గెథిన్
రసాయన సూత్రాలు అద్దానికి అంటించుకుని
పళ్ళు తోముతూ కూడా వల్లె వేస్తున్నాడు.
"ఎంతదాకా వచ్చింది హెలెద్?"
"తలలో ఉంది," అన్నాను.
తలలో ఉన్నవాటికి అద్దె కట్టక్కర్లేదు.

వ్యాసం దేని గురించంటే
(నవ్వకండి)
రైలు వచ్చి ఊళ్ళన్నిటికీ
ఒకే టైం ఎలా నేర్పిందో.

బుధవారం పుస్తకం తెరిచాను.
పేజీ అడుగున చిన్నక్షరాలు ఇంకో పుస్తకానికి దారి చూపాయి,
అది మరోదానికి.
దీపాలు పెట్టే వేళకి నేను
పాతకాలపు స్టేషన్ మాస్టర్ల మీసాలు
పోల్చి చూస్తున్నాను.

రాత్రిపూట వ్యాసం నా గుమ్మందాకా వస్తుంది.
తలుపు మీద 'రేపు రా' అని రాసి ఉంటుంది.
పాపం, చదువొచ్చిన దయ్యం,
మాట మన్నించి వెళ్ళిపోతుంది.
మర్నాడు మళ్ళీ వస్తుంది
జానెడు పొడుగై.

గురువారం బుర్రకి గాలి తగలాలని ఒడ్డుకి పోయాను.
అబెరిస్ట్‌విత్‌లో ఒక ఆనవాయితీ:
సముద్రపు కట్ట చివరిదాకా నడిచి
అక్కడి ఇనపకమ్మీని కాలితో తన్ని వెనక్కి రావాలి.
తన్నకపోతే నడక లెక్కలోకి రాదు.
ఎందుకని అడిగితే ఎవరికీ తెలీదు.
నేను మూడుసార్లు తన్నాను.

పొద్దు వాలుతుంటే
మన గోరింకలకి దూరపు చుట్టాలు, నల్లపిట్టలు,
వేలకి వేలు
ఒక్క దుప్పటిలా మడతపడి, విప్పుకుని,
వంతెన కిందికి జారిపోయాయి.
ఎవరూ గంట కొట్టలేదు.

రాత్రి పదకొండుకి
భయం వచ్చి పక్కన కుర్చీ లాక్కుంది.
నాలుగు రోజులూ దీనికోసమే చూశానేమో.
మొదటి వాక్యం చెత్తగా వచ్చింది.
చెత్తగా వస్తుందనే ఇన్నాళ్ళూ దాక్కున్నాను.
తీరా వచ్చాక చూస్తే
కరవలేదు.

తెల్లారింది. టీ చల్లారింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ చల్లారింది.

పదకొండూ యాభై రెండుకి
నోట్సులో ఒక మూల దొరికింది:
రైలు రాకముందు
మా ఊరి గడియారం లండన్ కంటే
పదహారు నిమిషాలు వెనక నడిచేదట.
పడమటి అంచు కదా,
పొద్దు ఇక్కడికి తీరిగ్గా వస్తుంది.
రైలు పట్టాల మీద వచ్చి
ఆ పదహారు నిమిషాలూ మూటగట్టుకు పోయింది.
ఎవరూ రసీదు అడగలేదు.

పన్నెండూ తొమ్మిదికి పంపాను.
తెర మీద ఎర్రగా: ఆలస్యం.

ప్రాసర్ మేడమ్‌కి రాశాను:
'మా ఊరి లెక్కన ఇంకా ఏడు నిమిషాలుంది.'
ఆవిడ వెంటనే జవాబిచ్చింది,
ఆవిడ దేన్నీ రేపటికి పెట్టదు:
'ఈ వాదన వ్యాసంలో ఉండాల్సింది. అయిదు మార్కుల కోత.
సోమవారం పరీక్ష లండన్ టైం ప్రకారమే.'

పన్నెండూ పదహారయ్యేదాకా కిటికీ దగ్గరే కూచున్నాను.
మా ఊరి మధ్యాహ్నం
పిలవని చుట్టంలా వచ్చి
కాసేపు చెంపల మీద నిలబడి వెళ్ళింది.

తర్వాత ఆకుపచ్చ పెన్ను వెతికాను.
మూత పెట్టడం మర్చిపోయాను, ఎండిపోయింది.
కొత్తది కొనాలి.
కొట్టు అయిదింటిదాకా
తెరిచే ఉంటుంది.