కడిగి చూశారా?

జనవరిలో తార్తూలో
శీతల గదే వెచ్చన.
లోపల నాలుగు డిగ్రీలు, బయట మైనస్ పద్దెనిమిది.
కోటు విప్పేసి లోపలికెళ్ళేది ఊర్వే ఒక్కతే.
"ఇదే నా దక్షిణ దేశం" అంటుంది.

మేం చేసింది చిన్న దొంగతనం.
ఈస్ట్ కణం రాసుకున్న పెద్ద గ్రంథంలోంచి
ఒక్క వాక్యం చెరిపేశాం.
డెబ్బై ఏడు అమైనో ఆమ్లాల పొట్టి ప్రొటీన్.
మైటోకాండ్రియా లోపలి పొరలో,
ఊపిరి గొలుసు మూడో మజిలీలో,
పది మంది కలిసి మోసే కాంప్లెక్స్‌లో పదోది.
గ్రూపు ఫోటోలో ఎవరి భుజం వెనకో
సగం చెవి మాత్రం కనిపించే మనిషి లాంటిది.

"చస్తుంది చూడు" అన్నాను.
"బతుకుతుంది" అన్నాడు తొనిస్.
పందెం: పెయిప్సి సరస్సు చేపలు, పొగబెట్టినవి, ఆరు.

గ్లిసరాల్ పళ్ళెం మీద చుక్కలు పెట్టాం.
అది మొండి తిండి.
చక్కెరైతే పులియబెట్టుకుని ఎలాగో పొట్ట పోసుకోవచ్చు.
దీన్ని తినాలంటే ఊపిరి పీల్చాల్సిందే,
మూడో మజిలీ మూతపడితే
నిండు పళ్ళెంలోనే పస్తు.

మూడో రోజు పొద్దున
ముప్పై డిగ్రీల అలమర తెరిస్తే
తెల్లగా, గుండ్రంగా, నూకగింజలంత,
మామూలువీ మేం దోచుకున్నవీ
పక్కపక్కన, ఒకే ఒడ్డూ పొడుగూ.
చేపలు పోయాయి.
తొనిస్ నోటుబుక్కులో "అనవసరం" అని రాసి
కింద గీత కూడా గీశాడు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా మా పళ్ళేలు పోస్తున్న ఊర్వే
ఆ గీత మీద తడి వేలు ఆనించింది.
"బతికిందని రాయి. అనవసరమని నీకెవరు చెప్పారు?
కడిగి చూశారా?"

కడగలేదు.

తర్వాతి వారమంతా అదే పని.
పన్నెండు లీటర్ల కణాలు గాజుపూసలతో చితక్కొట్టి,
పొరల్ని సబ్బునీళ్ళలో కరగనిచ్చి,
ఉప్పు కొంచెం కొంచెం పెంచుతూ
గొట్టంలోంచి రాత్రంతా బొట్టు, బొట్టు.
ఎమాయొగి నది మీద మంచు పగిలిన చప్పుడు
ఒకసారి వినిపించింది. లేదా
నేను నిద్రపోయానేమో.

జెల్ మీద నీలి గీతలు.
ఎడమ వరసలో అందరూ హాజరు.
కుడి వరసలో పదోది లేదు, సరే, తీసింది మేమే.
ఇంకొకటి కూడా లేదు!
ఇనుమూ గంధకమూ తలలో పెట్టుకుని
ఆ తల అటూ ఇటూ ఊపుతూ
ఇక్కడ ఎలక్ట్రాన్ తీసుకుని అక్కడ అందించేది.
దాని జోలికి మేం పోనే లేదు.
కణంలో ఉంది. పొరలో ఉంది. రెండుసార్లు చూశాం.
చివరికి కడుగునీళ్ళ సీసాలో దొరికింది,
మొత్తం తలతో సహా,
ఇవ్వడానికి ఎవరూ లేక.

మా తాత స్లెడ్జికి ఒక చెక్క సీల ఉండేది.
చదును మంచు మీద అది ఊడిపోయినా
రెండు మైళ్ళు తెలియదు.
వాగు గట్టు ఎక్కేటప్పుడు తెలిసేది,
గడ్డిమోపులన్నీ ఒక పక్క, గుర్రం ఒక పక్క.

ఇక్కడ ఊర్వేని ఆ పదోదానితో పోల్చాలని
చేయి పీకింది.
ఆమె చదివితే ఊరుకోదు.
అయిదడుగుల పదంగుళాల మనిషి,
ఎవరి భుజం వెనకా పట్టదు.
పైగా జీతం పెంచమని ఆ పొద్దునే
డీన్ గది తలుపు కొట్టి వచ్చింది.

తొనిస్ మాట కొట్టేయలేదు.
"అనవసరం" పక్కన చిన్న అక్షరాల్లో
"కడగనంత వరకు" అని చేర్చాడు.
సాయంత్రం నా బల్ల మీద
వార్తాపత్రికలో చుట్టిన చేపలు మూడు.

అసలా పొట్టిది ఏం చేస్తుందో ఇంకా తెలీదు.
పట్టుకుంటుందా,
లేక ఊరికే పక్కన ఆనుకుని కూర్చుంటుందా.
ఊర్వే సీసా కడుగుతూ అంది,
"రెండిటికీ తేడా ఏముంది?"
ఉందనుకుంటా.
రేపు ఉప్పు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టాలి.