రెండు చుక్కలు

కలెక్టరాఫీసు గోడవార, రేకు పందిరి కింద
నా టైపు మిషను.
పేజీ అణా. కార్బను కాపీకి అర్ధణా.
పొగాకు బ్యారన్ల బాకీలు, గట్టు తగాదాలు, తాగునీళ్ల అర్జీలు,
గుంటూరు ఏడుపు సగం నా వేళ్ల కిందుగానే పోయేది.

ముప్పైతొమ్మిది, రోహిణి కార్తె.
కొత్తపేట ఆసుపత్రి జట్కా ఆగింది.
కాన్పుల డాక్టరు. జనం నోట గురునమ్మ.
గొడుగు మడిచి బల్ల మీద పాస్‌పోర్టు పెట్టింది.
"తమ్ముడికి పర్మిట్టు కావాలి. సిమ్లాకి రాయాలి."
ఇంగ్లీషులోనే అంది. ఆవిడ తెలుగు కాన్పులకి సరిపడా:
ఊపిరి పట్టు. ఇంకొంచెం. అయిపోయింది. ఏడవకు.

పేరు కొట్టాను. చూసి తల అడ్డంగా ఊపింది.
యు మీద రెండు చుక్కలు లేవట.
నా రెమింగ్టన్‌కి అవి రావమ్మా అన్నాను.
పోయినసారి అందుకే తిప్పి పంపారట,
పాస్‌పోర్టులో మనిషీ దరఖాస్తులో మనిషీ
ఒకరు కాదని.
కలం ముంచి, నాలుగు కాపీల మీదా
నేనే పెట్టాను,
చంటిబిడ్డకి దిష్టిచుక్క పెట్టినట్టు.

గ్రూన్ అంటే పచ్చన. ఫెల్డ్ అంటే పొలం.
"అయితే మీరు పచ్చపొలం వారు" అన్నాను.
ఆ ఎండలో ఆవిడ నవ్వడం అదొక్కసారే.

ఆనక తమ్ముడి పేరు.
ఎమిల్ ఇజ్రాయెల్ గ్రూన్‌ఫెల్డ్.
నా వేళ్లు ఆగిపోయాయి.
"ఇశ్రాయేలు నా పేరేనమ్మా.
మా అమ్మ బైబిల్లోంచి ఏరి పెట్టింది.
మా తాతని ఊళ్లో ఎవరూ పేరుతో పిలవలేదు,
ఆయన కుట్టిన చెప్పులేసుకున్నవాళ్లు కూడా.
అందుకని మనవడికి
ఎవడైనా నోరు నిండా పలకాల్సిన పేరు."

చాలాసేపు గొడుగు పిడి తిప్పుతూ కూచుంది.
"వాడికి మా అమ్మ పెట్టలేదు. సర్కారు పెట్టింది.
మా మగాళ్లందరికీ అదే. ఆడాళ్లందరికీ సారా.
కాగితం చూడగానే తెలిసిపోవాలని."
పేజీ తిప్పి ఎర్రసిరా అక్షరం చూపించింది,
పశువుకి వేసిన వాత.

ఒకే పేరు.
నాకు తలపాగా.
అతనికి మెళ్లో ముంత.

ఏడో గడి: ఈ మనిషి వల్ల దేశానికి ప్రయోజనమేమి?
కళ్లజోళ్లు చేస్తాడంది.
నేను కొట్టాను: ఈ జిల్లాలో నలభై దాటినామె
సూదిలో దారం ఎక్కించాలంటే పిల్లల్ని పిలవాలి.
ఆవిడ చెప్పలేదా మాట. నేనే కలిపాను.
జామీనుదారుల గడిలో ఆసుపత్రి పెద్దమ్మ సంతకం ఉంది.
ఇంకొకటి కావాలంటే నాది పెట్టాను.
ఆదాయం నెలకి పదకొండు రూపాయలు.
గుమస్తా గీత పెట్టి కొట్టేశాడు.
"ముందు నీకెవడిస్తాడ్రా జామీను?"

వానలొచ్చాయి, ఉత్తరం రాలేదు.
యుద్ధం వచ్చింది.
చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు గనక
ఆవిడే శత్రువన్నారు.
ఎవడు తరిమాడో వాడి మనిషని రాసుకుని
వారం వారం పోలీసు స్టేషన్లో వేలిముద్ర, సంతకం.
ఓసారి కాన్పు మధ్యలో లేచి వెళ్లాల్సొచ్చిందట.
ఆ పిల్లని సంగడిగుంటలో ఇప్పటికీ
స్టేషను మార్తమ్మ అనే అంటారు.

దీపావళి దాటాక వచ్చింది కవరు.
పర్మిట్టు మంజూరు.
తారీఖు ఆగస్టు ఇరవయ్యారు.
పేరు మీద రెండు చుక్కలూ ఉన్నాయి,
ఎవరో నాలాంటివాడు ఓపిగ్గా కలంతో పెట్టినవి.
అది చేరాల్సిన ఊరికి
టపా ఆగి అప్పటికి పది వారాలు.

నేనే ఏడ్చాను, జట్కావాడి ఎదుట, సిగ్గు లేకుండా.
ఆవిడ నా భుజమ్మీద చెయ్యేసి
తనకొచ్చిన తెలుగులో అంది:
"ఊపిరి పట్టు."
కాసేపాగి,
"ఇంకొంచెం."

మూడోమాట కోసం చూశాను.
అది మాత్రం అనలేదు.