రెండు–ఐదు బిళ్ళ

ఆ ఆదివారం రమ్ము కొట్టు అరుగు మీద
డామినో ఆట మధ్యలో ఆగిపోయింది.
ఇరవై ఎనిమిదిలో ఒక బిళ్ళ తక్కువ.
ఆథ్నియెల్ గ్రీనిడ్జ్ లేచి నిలబడి
నలభై ఏళ్ళ స్నేహితుణ్ణి, స్కీట్‌ని,
దొంగన్నాడు. జేబులు తిరగేయించాడు.
అలిగి రెండు మైళ్ళూ నడిచే ఇంటికి పోయాడు.

బిళ్ళ అతని బూటులోనే ఉంది.

నాకు తెలిసింది మంగళవారం,
సాక్సు అరికాలికి అంటుకుని రానన్నప్పుడు.
ఉప్పునీళ్ళతో తడిపి తడిపి విప్పితే
బొటనవేలి మొదట్లో అచ్చు,
మధ్య గీతతో సహా.
"నొప్పే లేదు నర్సమ్మా" అన్నాడు, గర్వంగా.
కాపలా కుక్క చచ్చిపోయిన ఇల్లు
ఎంత ప్రశాంతంగా ఉంటుందో
అతనికెలా చెప్పను?

వేలికి సూది గుచ్చాను. మూడు వందల ఎనభై.
సెయింట్ ఫిలిప్ చెరకు తోటల్లో ట్రాక్టరు తోలి
రిటైరైన మనిషి
ఇంకా లోడు దించలేదనుకున్నాను.
పైకి అన్నది వేరు:
కట్టు కట్టడం వరకే నా పని.
మాన్పాల్సింది
నువ్వు మూత తీయని కోలా సీసా,
నువ్వు మరిచిపోని రాత్రి సూది,
నేల మీద ఆనించని ఆ పాదం.

వారం వారం కాగితపు స్కేలు.
ముప్ఫై ఒకటి. ముప్ఫై. ముప్ఫై.
క్రిస్మస్ వెళ్ళాక ముప్ఫై నాలుగు.
"కేకు ఎవరు పెట్టారు?" అంటే
ఫ్యాను కేసి చూశాడు.
పుండుకి అబద్ధాలు రావు.

బ్రిడ్జ్‌టౌన్ నుంచి వచ్చిన సర్జను
మోకాలి కింద వేలితో గీత గీశాడు,
దర్జీ పంట్లాం పొడవు చూసినట్టు.

ఆ రాత్రే స్కీట్‌కి ఫోను చేశాడట.
క్షమించమని కాదు,
మీటరులో అంకెలు ఆనడం లేదని.

స్కీట్ తెల్లారకుండానే వచ్చేవాడు.
ఆట పాయింట్లు రాసే పుస్తకంలో
వెనక పేజీ నుంచి చక్కెర రాసేవాడు.
రెండు వందల పది. నూట తొంభై. మళ్ళీ రెండొందలు.
నూట నలభై.
"తగ్గితే గెలుపేంటి, ఇదేం ఆటరా" అని గొణుగుతూ.

ఏప్రిల్లో ఒకరోజు కట్టు విప్పితే
అడుగున పెరటి చెర్రీ ఎరుపు.
అలికిన నేల ఆరినట్టు
అంచుల నుంచి లోపలికి చర్మం.

ఇవాళ నాలుగు మిల్లీమీటర్లు.
మానిందని రాయను, ఇంకా.
వెళ్తూ వెళ్తూ కొత్త బూటు తిరగేసి
నేలకి మూడుసార్లు కొట్టాడు,
లోపల చెయ్యి పెట్టి మూలమూలా తడిమాడు.
ఏమీ రాలలేదు.

మెట్ల మీంచి స్కీట్ అరిచాడు:
"నా జేబులు కూడా చూస్తావా?"