కొసరు

గ్రిమ్స్‌బీ మ్యూజియం గుమ్మం పక్కన గాజు పెట్టె.
దాని తాళంచెవి నా మెడలో.

ఆ బొమ్మను న్యూయార్క్ ఆసామి ఎవరో బేరమాడేశాడు.
ఆర్నెల్లదాకా ఓడ ఎక్కనివ్వనంది సర్కారు,
ఆలోగా అంత సొమ్మూ మేం తేగలిగితే మాది.

లాటరీ నిధి సగం పైనే ఇచ్చింది.
ట్రస్టులూ ఇచ్చాయి, షరతులు చదివించి మరీ.
ఇక మిగిలింది కొసరు:
నలభై వేల పౌండ్లు.

రోజూ సాయంత్రం పెట్టె బోర్లిస్తాను.
చిల్లర, నలిగిన బస్సు టికెట్టు,
ఇక్కడ చెల్లని డెన్మార్క్ నాణెం,
ఓసారి కోటు బొత్తాం.
దాన్నీ పద్దు రాశాను.

బొమ్మలో హెర్రింగులు కోసే ఆడవాళ్లు,
కత్తి తెగకుండా వేళ్లకు పేలికలు.
ఎడం చివర మొహం తిప్పుకున్నది మా అమ్మమ్మే
అంటుంది మావిస్ థిర్కెటిల్, వచ్చిన ప్రతి శుక్రవారమూ.
"పూటంతా నిలబెట్టి, ఆరు పెన్నీలు ఎగ్గొట్టాడు
ఆ బొమ్మలాయన"
అని తిడుతూనే ఐదు పౌండ్ల నోటు
మడిచి, సందులోంచి తోస్తుంది.

బొమ్మ ఊళ్లోనే ఉండిపోయింది.
పక్కన ఇత్తడి రేకు. పెద్ద దాతలు పైన,
అట్టడుగున, గోరంత అక్షరాల్లో, 'మరికొందరు'.

నిన్న ఆడిటరు వచ్చాడు.
పద్దు మీద వేలు ఆపి
బొత్తాం ఖరీదెంతన్నాడు.

ఇంకా చెప్పలేదు నేను.