మూరన్నర కిటికీ

మొదటి మీటింగుకి
తొమ్మిది షీట్ల ప్లాను చుట్ట చుట్టి పట్టుకెళ్ళాను.
నాగావళి ఒడ్డున కట్టబోయే మ్యూజియం.
శ్రీకాకుళం మున్సిపల్ హైస్కూల్లో ఆరో తరగతి గది.
బెంచీలు చిన్నవి, వచ్చినవాళ్ళు పెద్దవాళ్ళు,
మోకాళ్ళు గడ్డాలకి తగులుతున్నాయి.
‘ప్రజాభిప్రాయ సేకరణ’ అని బోర్డు మీద రాసి
చేతుల సుద్ద దులుపుకున్నాను.
నిజం చెప్పాలంటే
ఎవరూ ఏమీ అనరనే ధైర్యంతోనే వెళ్ళాను.

పొందూరు జల్లేపల్లి అచ్చియమ్మ
చెంగు ముడి విప్పి బల్ల మీద పెట్టింది
వాలుగ చేప దవడ.
సన్నటి పళ్ళ వరస, చేతి చెమటకి తేనెరంగు తిరిగింది.
నా ప్లానులో పద్నాలుగో గాజుపెట్టె దానికోసమే,
వెలుతురు ఏ వాలున పడాలో కూడా గీశాను.
చెయ్యి చాచాను.
ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

“సూపించడానికి తెచ్చినాను బావూ, ఇచ్చీడానికి కాదు.
ఇది నీ పెట్టెలో కూకుంటే
రేపు పత్తి నానేటితో ఏకాలి, నా పళ్ళతోటా?”

ఆవిడకి ఉన్నవి రెండే. గదంతా నవ్వింది.
రబ్బరు మొదటిసారి అప్పుడు తీశాను.

“ఓ కిటికీ ఎట్టు, ఉత్తరం ఏపు.
ఎండ కొడితే నూలు తెగిపోద్ది.
కింద ఓ పీట. పొద్దున్నే వొచ్చి ఏకుకుంటాను,
సూసినోలు సూస్తారు.
కూలి రోజుకెంతో అది ముందు సెప్పు.”

నా అంచనాల పట్టికలో
కూలి అనే గడి సిమెంటు కింద, ఇసుక కింద ఉంది.
ఆవిడ పేరున లేదు.

రెండోసారి
సీతంపేట కొండ దిగి సవర జమ్మయ్య వచ్చాడు.
గుమ్మానికి ఎదురుగోడ, ఇరవై అడుగులు,
ఎడిసింగ్ బొమ్మ వేయించాలని నా ముచ్చట.
ఆయన షీటుని తలకిందులుగా చాలాసేపు చూశాడు.
తిప్పబోతే వద్దన్నాడు.

“బొమ్మేస్తే మా పెద్దలు అందులోకొస్తారు.
వచ్చినోళ్ళకి బువ్వెట్టాల, కల్లు పొయ్యాల.
మీ ఆఫీసు పదికి తీసి ఐదుకి మూసేస్తారు గదా,
రాత్రి ఆకలేస్తే ఎవర్ని లేపుతారు?”

వాచ్‌మన్ పోస్టు శాంక్షనైంది అన్నాను.
అని, నాలిక్కరుచుకున్నాను.
షీటు మీద ‘జమ్మయ్య వద్దన్న గోడ’ అని రాశాను.
మా ఇంజినీరు కొట్టేసి ‘సాదా గోడ’ అని దిద్దాడు.
నేను మళ్ళీ దిద్దాను.

ఇక ఆగలేదు.
కళింగపట్నం సూరాడ ఎర్రమ్మ మెట్లు వేలితో లెక్కెట్టి
“పదకొండా! సేపల తట్టతో ఓపాలి ఎక్కి సూపించు” అంది.
వంశధార రిజర్వాయరులో ఊరు మునిగిన తవిటినాయుడు
ఇంటి నెంబరు రేకు తెచ్చాడు, 3-41.
గోడకి కొట్టొద్దు, తలుపుకి కొట్టమన్నాడు,
రోజూ తీసే తలుపుకి.

ఉద్దానం ఢిల్లేశ్వరరావు ఏమీ తేలేదు.
చొక్కా చెయ్యి పైకి లాగి
డయాలసిస్ సూది దిగే చోటు చూపించాడు.
“వారానికి మూడుసార్లు ఈ ఊరొస్తాను.
తిరుగు బస్సు దాకా కూర్చోడానికి నీడ లేదు నాకు.
ముందు మంచినీళ్ళ కుళాయి గీయండి.
మంచి నీళ్ళు అన్నాను. రాసుకున్నారా?”

రాసుకున్నాను.

నాలుగోసారికి స్కేలు ఇంట్లో మరిచాను.
అచ్చియమ్మ మోచెయ్యి షీటు మీద ఆనించి
కిటికీ ఎత్తు తానే కొలిచింది, మూరన్నర.
అలాగే రాసి పంపాను.
ఫైలు వెనక్కొచ్చింది ఎర్రసిరాతో:
ఎవరి మూర? మిల్లీమీటర్లలో తెలుపుడు.

టేపు జేబులో వేసుకుని పొందూరు బస్సెక్కాను.
ఆవిడ ఏకుతోంది.
తెల్లటి పొగలాంటి దూది, దవడ పళ్ళలోంచి.
తలెత్తకుండానే అంది:
“ఈ గుప్పెడూ అయ్యేదాకా కూకో.”

కూర్చున్నాను.